ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే రావట్లేదు: బోర్డు మార్చే ముందు ఇవి చూడు

తమ్ముడూ, ఒడిశాలోని కాశీనగర్ నుంచి నువ్వు అడిగింది ఇదీ. ఇంట్లో డెస్క్‌టాప్ పదేళ్ళ నాటిది. డీడీఆర్3 రకం ర్యామ్ (సిస్టమ్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ ముక్క) 2 జీబీవి రెండు, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. వానలకి మూడు వారాలు ఆన్ చేయలేదు. ఇప్పుడు బటన్ నొక్కితే లైటు వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, మానిటర్ మీద మాత్రం ‘నో సిగ్నల్’ అని వస్తోంది. షాపులో మూత కూడా తీయకుండా ‘బోర్డు (మదర్‌బోర్డు) పోయింది, కొత్తది తీసుకోండి’ అన్నారు. అంతకుముందు నుంచే సిస్టమ్ నత్తనడక నడుస్తోంది, తారీఖు దానంతటదే వెనక్కి పోతోంది, నెట్ తెగుతోంది. నాన్నగారి ధాన్యం లెక్కలు, చెల్లి పెళ్ళి ఫోటోలు అందులోనే ఉన్నాయి. ఇంకో కాపీ లేదు.

బరంపురంలో ఇరవై ఏళ్ళకు పైగా నేను ఈ పనే చేస్తున్నాను. పర్లాకిమిడి, గుణుపురం, ఇటు ఇచ్ఛాపురం వైపు నుంచి కూడా గోనెసంచుల్లో కట్టుకుని సిస్టమ్‌లు తెస్తారు. నువ్వు చివర్లో రాసిన మాటతోనే మొదలుపెడతాను, నాకు అన్నిటికంటే ముఖ్యం అదే: కాపీ లేని ఫోటోలు, లెక్కలు.

డిస్‌ప్లే రానంత మాత్రాన హార్డ్‌డిస్క్‌లో ఉన్నది పోయినట్టు కాదు. బోర్డు నిజంగానే కాలిపోయినా డిస్క్‌లోది మామూలుగా అలాగే ఉంటుంది. దాన్ని ఊడదీసి ఇంకో సిస్టమ్‌కి తగిలిస్తే అన్నీ కనిపిస్తాయి. కాబట్టి బెంగ పడకు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. ఎవరైనా ‘ఫార్మాట్ కొట్టేసి విండోస్ వేసేద్దాం’ అంటే వద్దని గట్టిగా చెప్పు. డిస్‌ప్లే రాకపోవడానికి ఫార్మాట్ మందు కాదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2009లో ఆ తప్పు నేనే చేశాను. రిటైరైన మాస్టారు ఒకాయన సిస్టమ్ తెచ్చారు. వైరస్ పట్టి విండోస్ లేవడం లేదు. ఆ రోజు షాపులో పని ఎక్కువ, తొందరలో ఉన్నాను. సి డ్రైవ్ ఒక్కటే చెరపాల్సింది పోయి పార్టిషన్లన్నీ చెరిపేసి విండోస్ వేశాను. డి డ్రైవ్‌లో ఆయన రెండేళ్ళుగా టైప్ చేసుకున్న వాళ్ళ ఊరి చరిత్ర ఉంది. రికవరీ సాఫ్ట్‌వేర్‌లతో వారం రోజులు కూర్చుంటే సగం ముక్కలే వచ్చాయి. ‘పోనీలే బాబూ’ అన్నారాయన. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. అప్పటి నుంచి ఎవరి సిస్టమ్ వచ్చినా ముందు అడిగేది ఒకటే: ఇందులో మీకు కావలసినవి ఏమున్నాయి, ఎక్కడున్నాయి? ఆ జవాబు కాగితం మీద రాసి క్యాబినెట్‌కి అంటిస్తాను, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకుంటాను.

ఇక నీ సిస్టమ్ సంగతి. నువ్వు రాసినదాన్నిబట్టి నాకు ముందు అనుమానం వచ్చేది బోర్డు మీద కాదు, తేమ మీద. వంశధార ఒడ్డున మూడు వారాలు వాన. ఆ మూడు వారాలూ సిస్టమ్ ఆగి ఉంది. నడుస్తున్న సిస్టమ్ లోపల వెచ్చగా ఉంటుంది, చెమ్మ నిలవదు. ఆగి ఉన్నదానిలోకి దుమ్ముతో పాటు తేమ చేరి, ర్యామ్ కాళ్ళ (అంచున ఉండే లోహపు గీతల) మీదా, అది దిగే స్లాట్ లోపలా పలచటి పొరలా పట్టేస్తుంది. గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు ఇళ్ళలో దీనికి ఉప్పుగాలి కూడా తోడు. ఏటా శ్రావణ భాద్రపదాల్లో మా షాపుకొచ్చే ‘డిస్‌ప్లే లేదు’ కేసుల్లో కొత్త భాగం ఏదీ వేయకుండా లేచి కూర్చునేవే ఎక్కువ.

పని మొదలుపెట్టాక ఒకసారికి ఒకటే మార్చు, మార్చాక ఆన్ చేసి చూడు, చూసింది రాసుకో. ర్యామ్, కేబుల్, బ్యాటరీ మూడూ ఒకేసారి కదిపితే సిస్టమ్ లేచినా ఏ దోషమో తెలియదు. లేవకపోతే నువ్వు కొత్తగా ఏం వదులు చేశావో కూడా తెలియదు. గోడ దగ్గర మొదలుపెట్టి లోపలికి వెళ్ళు.

గోడ సాకెట్‌లో ప్లగ్గు వదులుగా ఊగుతోందా? ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి నేరుగా గోడకి పెట్టు. యూపీఎస్ ఉంటే దాన్ని కూడా తప్పించి ఒకసారి చూడు. సాయంత్రం బల్బు మసకబారే ఊళ్ళలో యూపీఎస్ ఊరికే బ్యాటరీ మీదకి వెళ్ళి వస్తుంటుంది. ఇంటి యూపీఎస్‌లలో సాధారణంగా ఉండే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ అలాంటి వాడకానికి రెండు మూడేళ్ళకే చచ్చిపోతుంది. ఆ యూపీఎస్ లైటు వెలుగుతుంది గానీ లోడు మోయదు.

ఇంకో సంగతి. క్యాబినెట్ ఇనుము మీద చెయ్యి వేస్తే జివ్వుమంటోందా? చాలామంది ‘కంప్యూటర్ అన్నాక అంతే’ అని ఊరుకుంటారు, అది తప్పు. మీ సాకెట్‌కి ఎర్త్ లేదని దానర్థం. ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని సిస్టమ్‌కి పనికొచ్చేలా మార్చే డబ్బా) లోపల ఉండే చిన్న ఫిల్టర్ కెపాసిటర్ల గుండా పెట్టెకి కొద్దిగా కరెంటు చేరుతుంది. అది ఎర్త్ తీగ గుండా దిగిపోవాలి. తీగ లేకపోతే దారి దొరక్క నీ చేతిలోంచి పోతుంది. దాన్ని ఎలక్ట్రీషియన్ చేత వేయించు, నువ్వు చేయకు.

ఇప్పుడు ప్లగ్గు పూర్తిగా పీకెయ్. కీబోర్డు, మౌస్, ప్రింటర్, పెన్‌డ్రైవ్, అన్నీ తీసెయ్. ప్లగ్గు లేకుండానే పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకో, బోర్డు మీద మిగిలిన కాస్త చార్జీ దిగిపోతుంది. తర్వాత మానిటర్ కేబుల్, కీబోర్డు మాత్రమే పెట్టి ఆన్ చెయ్. ఇంత చిన్న పనికే లేచిన సిస్టమ్‌లు ఉన్నాయి.

లేవకపోతే మానిటర్ దగ్గరకి రా. అది ‘నో సిగ్నల్’ అని రాస్తోందంటే మానిటర్ బతికే ఉంది, దానికి బొమ్మ అందడం లేదంతే. నీలం రంగు తల ఉన్న వీజీఏ కేబుల్ అయితే లోపల 15 పిన్నులకి చోటు ఉంటుంది. ఒకటి ఖాళీగా ఉన్నా కంగారు పడకు, చాలా కేబుళ్ళలో తయారీలోనే ఒకటి వదిలేస్తారు. వంగిన పిన్ను ఉందేమో చూడు. వెనకవైపు అదనంగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే పెట్టాలి, బోర్డుకి కాదు. ఇంట్లో ఎవరో తుడుస్తూ ఊడదీసి వేరేచోట పెట్టి ఉండొచ్చు.

ఇక్కడ ఒక పరీక్ష చెబుతాను. పైసా ఖర్చు లేదు, సగం సంగతి చెప్పేస్తుంది. ఆన్ చేసి రెండు నిమిషాలు ఆగు. తర్వాత కీబోర్డు మీద నమ్‌లాక్ నొక్కు. నొక్కినప్పుడల్లా దాని దీపం వెలిగి ఆరుతుంటే లోపల సిస్టమ్ నడుస్తోంది, తేడా బొమ్మ వచ్చే దారిలోనే ఉంది: కేబుల్, పోర్టు, గ్రాఫిక్స్ కార్డు. దీపం కదలకపోతే సిస్టమ్ అసలు మొదలే అవలేదు. అప్పుడు మూత తీయాలి.

మూత తీసే ముందు ప్లగ్గు మళ్ళీ పీకు. స్విచ్ ఆపితే చాలదు. మన ఇళ్ళలో వైరింగ్ తిరగబడి స్విచ్ కరెంటొచ్చే తీగని కాక న్యూట్రల్‌ని ఆపే సాకెట్లు చాలా చూశాను. పెట్టెని పడుకోబెట్టు. పెయింట్ లేని ఇనుము ఒకసారి తాకు, ఒంట్లో స్టాటిక్ ఉంటే దిగిపోతుంది. వెలుతురు బాగా ఉన్నచోట కూర్చో, ఊడదీసేముందు ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీసుకో. తిరిగి పెట్టేటప్పుడు అవే నీకు గురువు.

ముందు కళ్ళతో చూడు. ప్రాసెసర్ ఫ్యాన్ పక్కన బోర్డు మీద చిన్న గుండ్రటి డబ్బాల్లాంటి కెపాసిటర్లు ఉంటాయి. వాటి నెత్తి చదునుగా ఉండాలి. పూరీలా పొంగినా, గోధుమరంగు జిగురు కారినా దోషం అక్కడే. అది కూడా బోర్డు మార్చాల్సిన జబ్బు కాదు. సోల్డరింగ్ చేతనైన మనిషి ఆ ఒక్కటి మార్చగలడు. ప్రాసెసర్ దగ్గరే నాలుగు తీగల చిన్న ప్లగ్గు ఒకటి ఉంటుంది, పసుపు రెండు, నలుపు రెండు. అది ప్రాసెసర్‌కి వెళ్ళే 12 వోల్టులు. అది వదులైతే సరిగ్గా నువ్వు చెప్పినట్టే ఉంటుంది: ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, బొమ్మ రాదు. గట్టిగా అదిమి చూడు. పెద్ద 24 పిన్నుల ప్లగ్గు కూడా.

ఇక ర్యామ్. దీన్ని దగ్గరుండి చూపిస్తున్నట్టే రాస్తాను, ఎందుకంటే నీ సమస్య ఇక్కడే తేలుతుందని నా నమ్మకం. స్లాట్‌కి రెండు చివర్లా ప్లాస్టిక్ చెవులుంటాయి. కొన్ని బోర్డుల్లో ఒకవైపే. వాటిని బయటికి నొక్కితే ర్యామ్ టిక్కుమని పైకి లేస్తుంది. రెండంచులూ పట్టుకుని నిలువుగా పైకి లాగు, ఊపకు. కింద అంచున బంగారురంగు గీతలు కనిపిస్తాయి. డీడీఆర్3కి రెండు వైపులా కలిపి 240. కిటికీ దగ్గర వెలుగుకి ఏటవాలుగా పెట్టి చూడు. మంచివి తళతళలాడతాయి. చెమ్మ పట్టినవి మసకబారి, మధ్యమధ్యలో మచ్చలతో పాత ఇత్తడి చెంబులా ఉంటాయి. పిల్లలు పెన్సిల్‌కి వాడే మెత్తటి తెల్ల రబ్బరు తీసుకో. ర్యామ్‌ని పొడి గుడ్డ మీద పెట్టి, గీతల వెంబడి పైనుంచి అంచు వైపుకే మెల్లగా రుద్దు. అడ్డంగా గట్టిగా రుద్దితే పూత లేస్తుంది. గరుకు కాగితం దాని దరిదాపులకి తేవద్దు. రెండు వైపులా అయ్యాక రబ్బరు పొడిని మెత్తటి పొడి గుడ్డతో తుడిచెయ్. ఆ పొడి స్లాట్‌లోకి పోతే కొత్త తంటా. గీతల మీద వేలు పెట్టకు, చెమట అంటితే మళ్ళీ మొదటికే వస్తుంది. స్లాట్‌ని కొత్త పెయింట్ బ్రష్‌తో దులుపు. నోటితో ఊదకు, తుంపర్లు పడతాయి.

తిరిగి పెట్టేటప్పుడు ఒక్క ర్యామ్‌నే పెట్టు. మధ్యలో ఉన్న గాడి స్లాట్‌లోని గట్టుకి సరిపడేలా చూసి, రెండు బొటనవేళ్ళతో రెండు చివర్లా సమానంగా నొక్కు. చెవులు వాటంతటవే టక్కుమని మూసుకోవాలి. చాలామంది ఇక్కడ భయపడి సగమే నొక్కుతారు. ఆన్ చెయ్. రాకపోతే ప్లగ్గు పీకి అదే ర్యామ్ రెండో స్లాట్‌లో. తర్వాత రెండో ర్యామ్ మొదటి స్లాట్‌లో, ఆపైన రెండో స్లాట్‌లో. మొత్తం నాలుగు ప్రయత్నాలు. ప్రతిదీ రాసుకో.

నాలుగూ విఫలమైతే రెండు ర్యామ్‌లూ తీసేసి ఆన్ చెయ్. బోర్డు మీద చిన్న బజర్ ఉంటే బీప్... బీప్... అని ఆగి ఆగి అరవాలి. ఆ అరుపు వినిపిస్తే చాలా మంచి కబురు. ర్యామ్ లేదని గుర్తుపట్టి చెప్పాలంటే ప్రాసెసర్ పని చేయాలి, బోర్డు పని చేయాలి, ఎస్‌ఎంపీఎస్ కరెంటు ఇవ్వాలి. దాదాపు మూడూ బతికే ఉన్నాయని ఒక్క బీప్ చెప్పేసింది. ‘బోర్డు పోయింది’ అన్నవారి మాట అక్కడే చాలావరకు తప్పని తేలుతుంది, నీకు కావలసింది బహుశా ఒక ర్యామ్ ముక్క. బజర్ లేకపోతే పిన్నులకి తగిలించే బుల్లి స్పీకర్ అమ్ముతారు, చాలా చవక, కొని ఉంచుకో.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని కకావికలు చేసిందిగా. పర్లాకిమిడి వైపు ఊళ్ళలో కరెంటు తిరిగొచ్చాక రెండు మూడు వారాలు మా షాపులో నేల కనిపించలేదు. ఒక ఫోటో స్టూడియో ఆయన నీలాగే వచ్చాడు. ఫ్యాన్ తిరుగుతోంది, బొమ్మ లేదు, రెండు చోట్ల బోర్డు పోయిందన్నారట. కొత్త సిస్టమ్‌కి అప్పు కూడా అడిగి ఉంచాడు. ర్యామ్ తీసి ఆన్ చేశాను, బీప్ వచ్చింది. రబ్బరుతో తుడిచి పెట్టాను, బొమ్మ వచ్చింది. ఆయన కాసేపు ఆ స్క్రీన్‌నే చూస్తూ నిలబడిపోయాడు. తుపానులో ఇంటి కప్పు పోయిన మనిషికి ఆ అప్పు ఎంత బరువో నాకు తెలుసు. నేను ఇంత వివరంగా రాస్తున్నది అందుకే.

బీప్ కూడా రాకపోతే ప్లగ్గు పీకి, బోర్డు మీద గుండ్రటి బిళ్ళ బ్యాటరీ తీసి పది నిమిషాలు ఆగి పెట్టు. సీఆర్2032 అని రాసి ఉంటుంది, 3 వోల్టులది. నీ తారీఖు వెనక్కి పోతున్నది దాని మూలానే, కాబట్టి ఎలాగూ కొత్తది వేసెయ్. నెట్‌లో కొన్ని సైట్లు ‘సురక్షితం కాదు’ అని తెరుచుకోకపోవడానికీ చాలాసార్లు కారణం ఈ తారీఖే. సైట్ల భద్రతా సర్టిఫికెట్లకి గడువు తేదీలుంటాయి, నీ సిస్టమ్ ఇంకా 2012లో ఉన్నాననుకుంటే అవేవీ చెల్లవనుకుంటుంది. బ్యాటరీ మార్చాక ఒక జాగ్రత్త: సెట్టింగులు మొదటికి వస్తాయి. విండోస్ లోగో వచ్చి వెంటనే నీలం తెర పడితే భయపడకు, విండోస్ పాడవలేదు. బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్ళి, బోర్డు హార్డ్‌డిస్క్‌తో మాట్లాడే పద్ధతి చెప్పే సాటా మోడ్ అన్నచోట ఐడీఈ ఉంటే ఏహెచ్‌సీఐ చెయ్, ఏహెచ్‌సీఐ ఉంటే ఐడీఈ చెయ్. ఈ చిన్న సంగతి తెలియక ఎన్ని డిస్క్‌లు ఫార్మాట్ అయిపోయాయో.

ఎస్‌ఎంపీఎస్‌ని మాత్రం ఎప్పుడూ విప్పకు. అనుమానముంటే తెలిసినవాళ్ళది మంచిది తెచ్చి తగిలించి చూడు, అంతే. మన 230 వోల్టుల కరెంటు దాని లోపల మారి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలవ ఉంటుంది. ప్లగ్గు పీకాక కూడా కాసేపు ఉంటుంది. వానాకాలం వెచ్చదనానికి బల్లులు వెనక చిల్లుల్లోంచి అందులోకి దూరతాయి, కాలిన వాసన వస్తుంది. అప్పుడు కూడా విప్పి శుభ్రం చేయాలని చూడకు, మార్చెయ్.

సరే, లేచిందనుకుందాం. ఆ రోజే, వేరే ఏ పనీ పెట్టుకోకుండా, ఫోటోలూ లెక్కలూ ఒక బయటి డిస్క్‌లోకి కాపీ చెయ్. లెక్కలు చిన్న ఫైళ్ళే కాబట్టి పెన్‌డ్రైవ్‌లో ఒకటి, నీ మెయిల్‌లో ఒకటి కూడా ఉంచు. సిస్టమ్ లేచి విండోస్ మాత్రం లేవకపోతే లైనక్స్ మింట్‌ని (విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత సిస్టమ్) పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాని నుంచి బూట్ చెయ్. ఇన్‌స్టాల్ నొక్కకుండా ఊరికే తెరిస్తే నీ డ్రైవ్‌లు కనిపిస్తాయి, కాపీ చేసుకోవచ్చు. నేను మాస్టారి సిస్టమ్‌కి ఆ రోజు చేయాల్సింది ఇదే.

నత్తనడక సంగతి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. డిస్క్ అన్నచోట ఏ పనీ చేయకపోయినా 100 శాతం నిలబడి ఉంటే అడ్డు హార్డ్‌డిస్క్. ముందు దాని ఆరోగ్యం చూడు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది, దాని సొంత సైట్ నుంచే దింపు. పసుపు రంగులో ‘కాషన్’ అని చూపిస్తే డిస్క్ మీద కొన్ని చోట్లు చెడిపోతున్నాయని అర్థం. కాపీ చేసుకుని ఆ డిస్క్‌కి సెలవివ్వడమే. కట్, కట్ అని చప్పుడు చేస్తుంటే ఇక ఆన్ చేయడమే ఆపెయ్. ప్రతిసారీ తిప్పినకొద్దీ ఇంకొంచెం పోతుంది. రంగు నీలంగా ఉండి ఊరికే నెమ్మదిగా ఉంటే డిస్క్ తప్పేమీ లేదు, దాని తరమే అంత. తిరిగే డిస్క్ చెల్లాచెదురుగా ఉన్న ముక్కల్ని సెకనుకి వంద చోట్ల నుంచి చదివితే ఎక్కువ, ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్తరకం డిస్క్) వేలల్లో చదువుతుంది. పాత సిస్టమ్ మీద డబ్బు పెట్టాలనుకుంటే ఎస్‌ఎస్‌డీ మీదా, ర్యామ్ 8 జీబీ చేయడం మీదా పెట్టు, ప్రాసెసర్ గురించి ఆలోచించకు. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ అన్నచోట నీకు తెలిసి అక్కర్లేనివి డిసేబుల్ చెయ్. ‘స్పీడ్ పెంచుతాం’ అనే క్లీనర్ ప్రోగ్రామ్‌లు ఒక్కటి కూడా వేయకు.

నెట్ తెగడం గురించి పొడుగ్గా చెప్పేదేమీ లేదు. అదే సమయంలో ఫోన్‌లో అదే వైఫై పనిచేస్తోందా చూడు. ఫోన్‌లోనూ లేకపోతే సిస్టమ్‌ని వదిలెయ్. రూటర్ మీద లాస్ (LOS) అన్న దీపం ఎర్రగా ఉంటే ఫైబర్‌లో సిగ్నల్ రావడం లేదు, కంప్లైంట్ ఇవ్వడమే. ఫోన్‌లో వచ్చి సిస్టమ్‌లో రాకపోతే తారీఖు, ఆ తర్వాత వైఫై డ్రైవర్. ఉరుములప్పుడు రూటర్ అడాప్టర్ పీకెయ్. ఫైబర్ గాజు కాబట్టి దానిలో పిడుగు రాదు, కానీ అడాప్టర్ గుండా, సిస్టమ్‌కి వెళ్ళే ల్యాన్ తీగ గుండా వస్తుంది. సిస్టమ్ ప్లగ్గు పీకి ల్యాన్ తీగ వదిలేసి బోర్డు కాల్చుకున్నవాళ్ళు ఏటా వస్తారు.

మన వైపు ఇళ్ళలోనే కనిపించే ‘జబ్బు’ ఒకటుంది. ‘కీబోర్డు పాడైంది, నొక్కేది ఒకటి, పడేది ఒకటి’ అని తెస్తారు. చూస్తే భాష మారి ఉంటుంది. ఒకే సిస్టమ్ మీద పిల్లలు బడికి ఒడియాలో, పెద్దలు ఇంట్లో తెలుగులో, పనికి ఇంగ్లీషులో టైప్ చేస్తారు. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే ఒక్కో భాషా మారుతుంది. చేయి తగిలి మారినా అంతే. మళ్ళీ అవే నొక్కితే సరి. అను ఫాంట్లతో (డీటీపీ వాళ్ళు వాడే తెలుగు అక్షరాలతో) చేసిన పాత పెళ్ళి కార్డు ఫైలు తెరిస్తే పిచ్చి గీతలు వస్తే ఫైలు పాడైందని చెరిపేయకు. ఆ ఫాంట్ ఈ సిస్టమ్‌లో లేదంతే.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆపేసింది. ఇంటి వాడకందార్లకి భద్రతా అప్‌డేట్లని 2026 అక్టోబరు 13 వరకు పొడిగించే ఏర్పాటు పెట్టింది, అప్‌డేట్ పేజీలోనే నమోదు కావాలి. నీ డీడీఆర్3 సిస్టమ్ విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 (భద్రతా చిప్), కొత్త ప్రాసెసర్ షరతులకి అందదు. అడ్డదారిలో వేస్తామనేవాళ్ళుంటారు, లెక్కలున్న సిస్టమ్ మీద వద్దు. ‘క్రాక్’ యాక్టివేటర్‌లూ వద్దు. వాటిని నడపాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటాయి. ఇంటికి తాళం తీసి పక్కకి తప్పుకోమన్నట్టే అది. బ్రౌజర్, లెక్కలు, ఫోటోలు మాత్రమే అయితే ఆ లైనక్స్ మింటే నీకు సరిపోతుంది, తెలుగూ ఒడియా రెండూ చక్కగా కనిపిస్తాయి.

అలాగే తెర నిండా ఎర్రటి హెచ్చరిక వచ్చి, మోత మోగుతూ, ‘ఈ నంబరుకి ఫోన్ చేయండి’ అంటే అది మోసం. ఏ కంపెనీ అలా నంబరివ్వదు. ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కి బ్రౌజర్ మూసెయ్. నాన్నగారికీ ఈ మాట చెప్పి ఉంచు. దూరం నుంచి మన సిస్టమ్‌ని నడిపే ఎనీడెస్క్ లాంటిది వేయించి ఎవరైనా డబ్బు లాగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపించే వీలు అంత.

ఇన్ని చేశాక కూడా బీప్ లేదు, నమ్‌లాక్ కదల్లేదు, వేరే ఎస్‌ఎంపీఎస్‌తోనూ అంతే అంటే, అప్పుడు బోర్డో ప్రాసెసరో నిజంగానే పోయి ఉండొచ్చు. షాపుకి తీసుకెళ్ళు, కానీ హార్డ్‌డిస్క్ ఊడదీసి ఇంట్లో ఉంచుకుని మిగతా పెట్టె మాత్రమే ఇవ్వు. డిస్‌ప్లే రప్పించడానికి వాళ్ళకి డిస్క్ అవసరం లేదు. నువ్వు రాసుకున్న కాగితం కూడా ఇవ్వు. నువ్వు ఏమేం చూశావో అందులో కనిపిస్తుంటే మూత తీయకుండా తీర్పు చెప్పడం ఎవరికైనా కష్టం. డిస్క్‌లోవి కావాలంటే యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో ఏ ల్యాప్‌టాప్‌కైనా తగిలించొచ్చు. డెస్క్‌టాప్ డిస్క్‌కి 12 వోల్టుల అడాప్టర్ ఉన్న కేబులే కొను, లేకపోతే తిరగదు.

ముందు నమ్‌లాక్ పరీక్ష, తర్వాత ర్యామ్ నాలుగు ప్రయత్నాలు, ఆపైన ర్యామ్ లేకుండా బీప్. ఈ మూడింటిలో ఏం జరిగిందో రాయి తమ్ముడూ. దాన్నిబట్టి తర్వాతది చెబుతాను.